వేడెక్కని ఇంజను

అద్దంలో డ్రైవరు మొహం చూసి అతని కడుపు సంగతి పసిగట్టగలిగేది కండక్టరమ్మ ఒక్కతే. నుదుట చెమట పట్టిందా, వెంటనే ఈల వేసేది. "ఇంజను వేడెక్కిందండీ, కాసేపు ఆగాలి!" అని జనానికి చెప్పేది. అతనేమో పెట్రోలు బంకు వెనకున్న మరుగుదొడ్డికి పరుగో పరుగు.

ఒకప్పుడు గుండ్రాయిలా ఉండేవాడు పాపం. ఎక్కడో తిన్న భోజనం వికటించి, వాంతులూ విరేచనాలతో మంచం పట్టాడు. జ్వరం పోయింది గానీ నొప్పి పోలేదు. పరీక్షలన్నీ నిక్షేపంగా ఉన్నాయన్నారు. "అంతా నీ మనసులోనే ఉంది బావా" అని తేల్చేశాడు బావమరిది. వాడికేం, చెబుతాడు! నొప్పి వాడిది కాదుగా!

ఇంతలో ఎవరో మహానుభావుడు, బస్సు మాటిమాటికీ ఆగుతోందని ఫిర్యాదు చేశాడు. షెడ్డులో మెకానిక్కు ఇంజను ఊడదీసి మరీ చూశాడు. ఏ లోపమూ లేదు. అబద్ధం ఎందుకు చెప్పావని మేనేజరు నిలదీస్తే కండక్టరమ్మ డ్రైవరు సంగతి బయటపెట్టలేదు. రేపటిలోగా జవాబు చెప్పకపోతే ఉద్యోగం ఊడుతుందన్నాడు.

ఈ సంగతి డ్రైవరు చెవిన పడింది. నిజం చెబితే తన సీటు పోతుంది, చెప్పకపోతే ఆమె బతుకు వీధిన పడుతుంది. అసలీ నొప్పి నిజమో కాదో తేల్చుకుందామని ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి వెళ్లి డాక్టరమ్మ ముందు కూలబడ్డాడు.

"మీ నొప్పి నిజమేనండీ" అందామె. "పేగు గోడలో కాపలా కణాలుంటాయి, మాస్ట్ కణాలంటారు. ఒకసారి క్రిములతో పోరాడాక కొందరిలో అవి కుదురుగా ఉండవు. మామూలు అన్నం వచ్చినా శత్రువే అనుకుని మంట పుట్టించే రసాయనాలు కక్కేస్తాయి. పక్కనున్న నరాలు ఊరుకుంటాయా, నొప్పని గోలపెడతాయి. స్కానింగులో ఇదంతా కనబడదు. అందరికీ ఇదే కారణమని కూడా అనలేం, ఇంకా పరిశోధిస్తున్నారు. మందులు వాడి చూద్దాం."

నిజమే అన్న ఆ ఒక్క మాటకి అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు మేనేజరు ముందు నిలబడ్డాడు. "వేడెక్కింది ఇంజను కాదు సార్, నా కడుపు. ఆవిడ నా పరువు కాపాడింది. తీసేస్తే నన్ను తీసేయండి."

"ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!" అని కసిరాడు మేనేజరు. అవసరమైతే బంకు దగ్గర ఆగమని ఇద్దరినీ పంపేశాడు.

"నీ రుణం తీర్చుకోలేనమ్మా" అన్నాడు డ్రైవరు.

"తీర్చొద్దులే అన్నా, ముందు బండి తియ్యి."

మందులతో నొప్పి తగ్గుముఖం పట్టింది గానీ, ఒకరోజు మళ్లీ చెమట పట్టింది. కండక్టరమ్మ అలవాటుగా "ఇంజను..." అనబోతే, డ్రైవరే బస్సు ఆపి లేచి జనం వైపు తిరిగాడు. "నాకు కడుపునొప్పండీ. కాసేపు ఆగుదాం."

ముందు సీటు ముసలావిడ మంచినీళ్ల సీసా అందించింది. "వెళ్లిరా నాయనా. ఆ ఫిర్యాదు చేసినోడికి తప్ప నీ సంగతి మా అందరికీ ఎప్పుడో తెలుసు."