కాలు కింద పెట్టకుండా చంద్రగిరికి

మా కుటుంబంలో తుప్పు పట్టినవి రెండు. ఒకటి మా మామ పాత రేసు సైకిల్, రెండోది నేను. రెండింటిలో ఒకదాన్ని బాగుచేసే వీలుందని మా ఆవిడ ఒప్పుకుంది. సైకిల్‌నే.

నేను తిరుపతిలో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాను. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసినప్పటి నుంచి ఏదో ఒకటి విప్పుతూనే ఉన్నాను. విప్పినవన్నీ సరిగ్గా బిగించానా అని మాత్రం అడగకండి. మా కొట్టులో ఒక డబ్బా నిండా మిగిలిపోయిన స్క్రూలున్నాయి. అవి ఎవరివో ఆ మిక్సీలకే తెలియాలి.

మా మామ, అంటే మా ఆవిడ నాయన, చంద్రగిరిలో ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు ఆ సైకిల్‌ను మద్రాసు నుంచి తెచ్చుకున్నాడట. ఉక్కు ఫ్రేము, బొటనవేలంత లావు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. దాని మీద చిత్తూరు దాకా పోయి పందేలు తొక్కాడు. మోకాళ్ళు మొరాయించాక పశువుల కొట్టంలో వాసానికి తగిలించాడు. కొన్నాళ్ళకు పశువులు పోయి కోళ్ళు వచ్చాయి. అవి ఎన్నేళ్ళు దాని మీద పడుకున్నాయో రెట్టల మందం చూసి చెప్పేయవచ్చు.

పోయినేడాది మా షడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, బైపాసు పక్కన హోటలు పెట్టాడు. బయట 'పల్లె వాతావరణం' అని బోర్డు. లోపల గోడలకు లాంతర్లు, చాటలు, ఒక బండి చక్రం. పల్లెలో ఉన్నన్నాళ్ళు ఆ చక్రం కాలికి తగిలితే తిట్టినవాడు, ఇప్పుడు దానికి రోజూ నూనె రాస్తున్నాడు. ఒక ఆదివారం అందరం మామ ఇంట్లో అన్నాలు తింటుంటే మెల్లగా కదిపాడు.

"మామా, ఆ సైకిలు నాకియ్యి. గోడకు పెడతా. సుట్టూ లైట్లు ఏస్తా. ముందర బుట్టలో ప్లాస్టిక్ పూలు పెడితే జనం నిలబడి ఫోటోలు దిగతారు."

"దానికి బుట్ట యాడుండాది?" అన్నాను నేను.

"చేపిస్తా అన్నా."

రేసు సైకిల్‌కు బుట్ట! మామ ముద్ద కలపడం ఆపేశాడు. కానీ చిన్నల్లుడు కదా, ఏమీ అనలేకపోయాడు. నాకు ఆ ఆగిపోయిన చెయ్యి చూసి ఏదోలా అయింది. "నేను బాగుచేసి తొక్కతా మామా" అనేశాను.

అందరూ నవ్వారు. మా అత్త మర్యాదస్తురాలు కాబట్టి వంటింట్లోకి పోయి నవ్వింది. మామ ఒక్కడే నా పొట్టను కాసేపు పరిశీలించి తీర్పు చెప్పాడు.

"సరే, తీసకపో. బాగుచేసినాక తిరపతిలో మీ ఇంటికాడ ఎక్కి, ఈ గడప కాడికొచ్చే దాకా కాలు కింద పెట్టకుండా తొక్కు. తొక్కితే నీది. పెట్టినావంటే హోటలుది."

రెండు నెలలు పట్టింది. సీటు కింది గొట్టం ఫ్రేములో బిగుసుకుపోయి మూడు రోజులు కిరసనాయిలు తాగింది. నాలుగో రోజు ఊడి వచ్చింది, నేను వెనక్కి పోయి నీళ్ళ డ్రమ్ములో కూర్చున్నాను. చైను తోమడానికి మా ఆవిడ పాత టూత్‌బ్రష్ వాడాను. పాతదని నేను అనుకున్నాను. ఆ వారం మా ఇంట్లో మాటలు లేవు, దోసెలు కూడా లేవు. అంత సన్నటి టైర్లు తిరుపతిలో దొరకలేదు. తెలిసిన బస్సు డ్రైవరు చెన్నై నుంచి తెచ్చి ఇస్తూ "ఇది టైరా, ట్యూబా?" అని అడిగాడు.

అన్నిటికన్నా కష్టం ఆ హ్యాండిలు. రిమ్ముల బెండు తీయించడానికి ఒక పెద్దాయన సైకిల్ షాపులో వదిలి టీ తాగడానికి పోయాను. వచ్చేసరికి కొమ్ములు రెండూ ఆకాశం వైపు చూస్తున్నాయి.

"ఎవుడో తిక్కోడు హ్యాండిలు తలకిందలుగా బిగించినాడు సామీ" అన్నాడు ఆయన, మొహం వెలిగిపోతుంటే. "తిప్పి పెట్టినా. ఊరికేలే, దానికేమీ ఇయ్యబాకు."

అంత సంతోషంగా ఉన్న మనిషికి నిజం చెప్పడానికి నోరు రాలేదు. సందు తిరిగాక నా పానాతో మళ్ళీ కిందికి తిప్పుకున్నాను. తర్వాతి వారం గాలి కొట్టించడానికి పోతే ఆయన చూసి నొచ్చుకున్నాడు. "మల్లా జారిపోయిందే!" అని మళ్ళీ పైకి తిప్పి, ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని బిగించాడు. దాన్ని కిందికి దించడానికి నాకు ఒక పూట పట్టింది.

అదీ చాలదన్నట్టు, వంగి ఆ కింది కొమ్ములు పట్టుకుంటే ఊపిరి ఆడేది కాదు. నా పొట్ట నాకన్నా ముందే చంద్రగిరికి బయలుదేరేది.

పందెం రోజు వచ్చింది. పెరటాసి నెల, అంటే జనం తిరుమల కొండకు నడిచిపోయే నెల, ఆదివారం, పొద్దున్నే. ఏదో గ్రైండర్ల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన పసుప్పచ్చ టీషర్టు వేసుకున్నాను. సాక్ష్యానికి మా షడ్డకుడు స్కూటరు మీద, చేతిలో ఫోనుతో వచ్చాడు. ఆ పెడళ్ళకు పాదం జారకుండా బిగించుకునే తోలు పట్టీలుంటాయి. వాడే వంగి వాటిని బిగించాడు.

"గట్టిగా ఉండాల అన్నా. లేకుంటే జారి పడతావు."

వాడి ప్రేమ నాకు అర్థం కాకపోలేదు. ఆ పట్టీలు అంత బిగిస్తే కాలు ఊడదు. కాలు ఊడకపోతే ఆగిన చోటల్లా పడాల్సిందే.

ఎర్ర లైటు దగ్గర ఆటో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అందులో ఉన్న అవ్వ నా చెయ్యి చూసి సంచి గట్టిగా పట్టుకుంది. ఊరు దాటాక ఎదురుగాలి. దుమ్ము పడి కళ్ళ నుంచి నీళ్ళు. వెనక నుంచి "అన్నా, లైట్లకు ఆర్డరిచ్చేసినా!" అని కేకలు.

శ్రీనివాసమంగాపురం దగ్గరికొచ్చేసరికి నా పని అయిపోయింది. తిరుమల మెట్ల దారికి నడిచిపోయే భక్తులు రోడ్డంతా ఉన్నారు, సగంమంది పసుప్పచ్చ బట్టల్లో. వాళ్ళకు మజ్జిగ పోసే పందిట్లోంచి ఒకాయన గ్లాసుతో ఎదురొచ్చి "గోవిందా!" అంటూ నా హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఇడువు సామీ! కాలు కింద పెట్టకూడదు!" అని అరిచాను.

ఆయన నా పసుప్పచ్చ టీషర్టు చూశాడు. పట్టీల్లో బిగిసిన పాదాలు చూశాడు. కారుతున్న కళ్ళు చూశాడు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి.

"ఏమప్పా, అందరూ రాండి! ఈ సామిది సైకిలు మొక్కు! కొండ దాకా కాలు కింద పెట్టడంట! పట్టుకోండి!"

నలుగురు పరిగెత్తుకొచ్చి నన్ను పెళ్ళికొడుకును గుర్రం మీద నిలిపినట్టు పట్టుకున్నారు. ఒకరు మజ్జిగ తాగించారు, ఒకరు పులిహోర నోట్లో పెట్టారు, ఒకామె కొంగుతో చెమట తుడిచింది. నేను అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. నోటి నిండా పులిహోర ఉన్నప్పుడు నిజం కూడా చెప్పలేము కదా.

షడ్డకుడు స్కూటరు దిగి వచ్చాడు. "మొక్కూ లేదు, మన్నూ లేదు! ఇడిసిపెట్టండి, పడిపోనీండి!"

 మజ్జిగ ముంత పట్టుకున్న ముసలామె ముందుకొచ్చింది. "పడిపోనీండి అంటావా? సామి మొక్కంటే ఎగతాళిగా ఉండాదా నీకు? లెంపలేసుకోరా!"

వాడు చుట్టూ చూసి, హెల్మెట్ తీసి లెంపలేసుకున్నాడు. అది వీడియో తీసేవాళ్ళు లేకపోయారే అని నాకు ఈనాటికీ బాధ. తర్వాత "గోవిందా, గోవిందా" అంటూ పదిమంది నన్ను మిట్ట ఎక్కే దాకా తోశారు. మరుసటి శనివారం నడిచి కొండెక్కి స్వామికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ మెట్ల మీద కాళ్ళతోపాటు చేతులూ కింద పెట్టాను.

మామ వీధిలోకి తిరిగేసరికి గడప ముందు అత్త హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. "ఉండు నాయినా, కర్పూరం అంటుకోలే!" అంది. గాలికి అంటుకోవడం లేదు. నేను ఆగలేను. వీధిలో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాను. ఆరో చుట్టుకు అంటుకుంది. నేను తిరుగుతుండగానే హారతి తిప్పి, కొత్త బండికి పెట్టినట్టే ముందు చక్రం వచ్చే దారిలో నిమ్మకాయ పెట్టింది. కారు టైరు కింద అయితే నిమ్మకాయ నలుగుతుంది. బొటనవేలంత టైరు కింద అది పక్కకు ఎగిరింది. సైకిల్ దాని వెంటే పోయింది. నేను, సైకిల్, ఇద్దరం పక్కింటివాళ్ళు ఆరబోసుకున్న శనక్కాయల మీద పడ్డాం.

"కాలు!" అని అరిచాడు షడ్డకుడు.

అందరూ చూశారు. వెల్లకిలా పడ్డ నా మీద సైకిల్ ఉంది. పట్టీల్లో బిగిసిన నా పాదాలు రెండూ గాలిలో ఉన్నాయి.

"కాలొక్కటే మిగిలింది మామా, ఒళ్ళంతా కింద పెట్టినాడు!"

"నేను కాలి మాటే చెప్పినా" అన్నాడు మామ.

మెట్లు దిగి వచ్చి, నన్ను లేపకుండానే వెనక చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పాడు. అది టిక్ టిక్ మంటూ చాలాసేపు తిరిగింది. అది ఆగేదాకా ఆయన అలాగే వంగి చూస్తూ నిలబడ్డాడు. శనక్కాయలు వీపుకు గుచ్చుకుంటున్నా నేను కదల్లేదు.

"బెండు లేదు" అన్నాడు చివరికి. "నీదే తీసుకో."

సైకిల్‌కు బదులు హోటల్లో పెట్టుకొమ్మని మా షడ్డకుడికి నా కొట్టులోంచి ఒక చచ్చిన గ్రైండరు ఇచ్చాను. దాని ముందర నిలబడి ఇంతవరకు ఎవరూ ఫోటో దిగలేదట.

వారం తర్వాత మళ్ళీ తొక్కుకుంటూ చంద్రగిరి పోయాను. అరుగు మీద మామ పక్కన కూర్చుని, చెమట తుడుచుకుంటూ కొంచెం గొప్పగా అడిగాను.

"నిజం చెప్పు మామా. నేను బాగా తొక్కతానని తెలిసే కదా నాకిచ్చినావు?"

ఆయన వక్క నములుతూ సైకిల్ వైపే చూస్తూ అన్నాడు.

"బాగా తొక్కతావని ఎవురు చెప్పినారప్పా నీకు? వాని హోటల్లో పెడితే జనం తింటా తింటా ఒకసారి తలెత్తి సూస్తారు. నువ్వు దాని మింద పోతే, తినేది ఇడిసిపెట్టి రోడ్డు మిందికొచ్చి సూస్తారు."