కనకవ్వ బావికి ముళ్ళకంప

నిజాంసాగర్ కాలువ వెంట నీళ్ళొచ్చాయి, నీళ్ళ వెంట కోస్తావాళ్ళొచ్చారు. బాన్సువాడ పొలిమేరలో భూములు కొని, గుడిసెలు వేసుకున్నారు. బీడీలు చుట్టుకుని బతికే కనకవ్వకు మొదట్లో వాళ్ళను చూస్తే నవ్వొచ్చేది. మూడు పూటలా అన్నమేనట, జొన్నరొట్టె గొంతు దిగదట! "గీళ్ళకు దినాం పండుగే" అనేది, వాకిట్లో తునికాకు కత్తిరిస్తూ.

ఆ వానాకాలం ఊళ్ళో చలిజ్వరం పట్టింది. ఏ ఇంట చూసినా గొంగడి కింద ఎవరో ఒకరు వణుకుతూనే ఉన్నారు. నిలవనీటి దోమలే కారణమని దవాఖాన కంపౌండరు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు.

"మన తాతల నాడు దోమలు లేకుండెనా? గా వలసొచ్చినోళ్ళే జరం మూటగట్టుకొచ్చిండ్రు" అన్నాడు కిరాణా దుకాణం కాశీరాం. ఊరు ఆ మాటే పట్టుకుంది.

గుడిసెలకు దగ్గర్లో ఉన్న మంచినీళ్ళ బావి కనకవ్వదే. ఆమె కూడా భయపడి, బావి చుట్టూ తుమ్మకంప నాటింది. గుడిసెల నుంచి బిందెతో వచ్చిన నాగేశ్వరమ్మ ఆ కంపను చూసి, కాలువ వైపు మళ్ళింది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున గుడిసెల వైపు నుంచి ఏడుపు వినిపించింది. నాగేశ్వరమ్మ కూతురు అదే జ్వరంతో పోయింది. "నా తల్లీ, నన్నొదిలి ఎట్టా పోయావే..." కనకవ్వ చేతిలో బీడీ సగంలోనే ఆగిపోయింది. ఏళ్ళ కింద తన కొడుకు పోయిననాడు తనూ ఇట్లాగే ఏడ్చింది. వాళ్ళు తెచ్చిన జ్వరమే అయితే వాళ్ళ పిల్లనెందుకు తీసుకుపోతుంది?

లేచి వెళ్ళి కంప లాగి పారేసింది. ముళ్ళు గీరుకుని చేతులు రక్తమయ్యాయి. నీళ్ళు చేది, బిందె నెత్తికెత్తుకుని గుడిసెకు పోయింది.

"చెల్లె, బిడ్డకు గీ నీళ్ళతోని తానం పొయ్యి."

నాగేశ్వరమ్మ తలెత్తింది. "మేం ముట్టుకుంటే మీకు జ్వరం రాదా అండీ?"

కనకవ్వ బిందె దించింది. పక్కన కూర్చుని ఆ పసిదాని జుట్టు తడుపుతూ తానూ ఏడ్చింది.

ఊరు ఊరుకోలేదు. ఆడవాళ్ళు ఆమె బావికి రావడం మానేశారు. కాశీరాం మొహం తిప్పుకున్నాడు. చలికాలం దాటి జ్వరాలు తగ్గాక, అంత తీపి నీళ్ళు ఇంకెక్కడా లేక, ఒక్కొక్కరే కడవలు పట్టుకుని వచ్చారు. 

ఆ తర్వాతి మధ్యాహ్నాలన్నీ ఒకరి పని ఒకరికి నేర్పుకునే ఆ ఇద్దరివే. నాగేశ్వరమ్మ చుట్టిన బీడీలు వంకరపోయేవి. కనకవ్వ పెట్టిన ఆవకాయ బూజు పట్టేది. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుని కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు.

రజాకార్ల గొడవల్లో నాగేశ్వరమ్మ కుటుంబం కృష్ణా తీరానికి వెళ్ళిపోయింది. కనకవ్వ బండి వెంట వంతెన దాకా నడిచింది. పొలం అమ్ముకున్నారని తర్వాత తెలిసింది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత కూడా అంగడిలో కనకవ్వ "గోంగూర ఎట్లిస్తున్నవ్?" అని అడిగేది. "మన దిక్కు పుంటికూర అనాలె గదా అమ్మమ్మా!" అని మనవరాలు లచ్చి నవ్వేది.

"మా నాగేశ్వరమ్మ గట్లనే అంటుండె బిడ్డా" అనేది కనకవ్వ. ఇక ఇల్లు చేరేదాకా ఆమె గురించే చెబుతూ నడిచేది.