మంచు మీద వెనక్కి జారుతూ

నేను ఐస్ హాకీ ఆడేదాన్నని చెబితే సూరత్‌లో ఎవరూ ఒక పట్టాన నమ్మరు. వేసవిలో తారు కరిగి చెప్పులు అంటుకుపోయే ఊరు ఇది. ఇక్కడ మంచంటే గోలాబండి వాడు తురిమి, పుల్లకు అద్ది, రంగునీళ్లు పోసి ఇచ్చేది. నేనూ చాలాకాలం అంతే అనుకున్నాను.

మా బాపు సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఉధ్నాలో సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. డిండోలిలో మాది ఒకటే గది. అమ్మ గడప దగ్గర కూర్చుని చీరలకు లేసు కుట్టేది. మా బడిలో సిమెంటు నేల మీద చక్రాల బూట్లతో హాకీ నేర్పేవారు. మొదట్లో నన్ను ఏ స్థానంలో పెట్టాలో మాస్టారుకు తోచలేదు. ముందుకు పరుగెత్తమంటే అందరికంటే వెనకబడేదాన్ని. ఒకరోజు సరదాకి వెనక్కి జారమన్నారు. గోడ తగిలేదాకా జారుతూనే ఉన్నాను. చెట్లు, పిల్లలు, మాస్టారు అందరూ మెల్లగా నా నుంచి దూరమవుతుంటే ఒళ్లంతా తేలికైపోయింది. ఆ రోజు నుంచి నేను డిఫెండర్‌ని. ఎదురుగా దూసుకొచ్చే వాళ్లను చూస్తూ వెనక్కి జారడం, దారి మూసేసి వాళ్లను గోడవైపు తోయడం నా పని.

మొదటిసారి ఆట చూడటానికి వచ్చిన బాపు ఆశ్చర్యపోయాడు.

"ఏంది బిడ్డా, అందరు ముందలికి ఉరుకుతుంటే నువ్వొక్కదానివే గట్ల ఎనుకకు పోతున్నవ్?"

"వచ్చేటోళ్లను చూసుకుంట పోవాలె బాపూ. మొకం తిప్పితే గోల్ కొడ్తరు."

ఆ తర్వాత ప్రతి ఛుట్టీ రోజూ ఆయన వచ్చి ఆట నేల చుట్టూ ఉన్న ఇనుప జాలీ వెనక నిలబడేవాడు. సాంచాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి కార్ఖానాలో వాళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. చాయ్‌కి ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఒక సైగ. రెండు వేళ్లు కలిపి పట్టి చటుక్కున విడదీస్తే దారం తెగిందని. ఒక ఆటలో బాపు జాలీ వెనక నుంచి ఆ సైగే చేశాడు. ఇక్కడ దారమేమిటో అర్థం కాక, ఆయన చూస్తున్న ఎడమవైపు నేనూ చూశాను. అక్కడ మావాళ్ల మధ్య పెద్ద సందు! పోయి దాన్ని మూశాను. ఆయనకు హాకీ తెలియదు. వరసలో ఎక్కడ తెగిందో మాత్రం కనిపించేది.

నేను రాష్ట్రం జట్టులో ఆడుతున్న రోజుల్లో, చక్రాల మీద బాగా ఆడే కొందరిని ఐస్ హాకీ నేర్పడానికి లదాఖ్ పిలిచారు. నా పేరు కూడా వచ్చింది. అమ్మ ఉన్ని బట్టల కోసం సలాబత్‌పురా బజారంతా తిరిగింది. ప్రపంచానికంతా చీరలు పంపే బజారులో ఒక మందపాటి స్వెటర్ దొరకలేదు. చివరికి తన పెళ్లినాటి దుప్పటి మడిచి నా సంచిలో కుక్కింది.

లదాఖ్ చేరిన మర్నాడు పొద్దున నేను చూసిన గడ్డకట్టిన చెరువు ఇప్పటికీ నిజమో కలో తేల్చుకోలేను. నీలం, తెలుపు కలిసిన ఒక పెద్ద పలక. చుట్టూ చెట్టన్నది లేని కొండలు. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. పుట్టినప్పటి నుంచి సాంచాల మోతలో పెరిగిన నాకు చెవులు పోయాయేమోనని భయమేసింది. ఉన్నట్టుండి మంచు అడుగు నుంచి ఎవరో పొడవుగా మూలిగినట్టు వినిపించింది. చలికి మంచు సర్దుకుంటే అలాగే ఉంటుందని పక్కనున్నావిడ చెప్పింది. అక్కడి మహిళల హాకీ క్లబ్బుకు ఆవిడ కెప్టెన్. ఆవిడదీ నా స్థానమే.

చక్రాలకు అలవాటుపడిన కాళ్లకు ఇనుప అంచుల బూట్లు తొడుక్కుని మంచు మీద అడుగుపెట్టాను. జారడం తెలిసింది, ఆగడం తెలియలేదు. అలా పోయి పోయి ఒడ్డున పోసిన మంచుకుప్పలో నడుం దాకా కూరుకుపోయాను. కెప్టెన్ నవ్వుతూ వచ్చి లేపింది. "మోకాళ్లు వంచు. రెండు పాదాలూ ఒకేసారి పక్కకు తిప్పు. మంచును గీకాలి" అని హిందీలో చెప్పింది. గీకుతూ, పడుతూ ఆ శీతాకాలమంతా గడిపాను.

మరుసటి ఏడాది వాళ్ల క్లబ్బే నన్ను పిలిచింది. ఉండటానికి గది, తిండి, ఆడినన్నాళ్లూ జీతం. శీతాకాలం రాగానే లదాఖ్ వెళ్లేదాన్ని. మిగతా ఏడాది సలాబత్‌పురాలో ఒక కొట్టులో చీరలు మడతపెట్టేదాన్ని. ఒక్కోసారి తెల్లని చీర బల్ల మీద పరుస్తుంటే చేతులు ఆగిపోయేవి. "ఏంటి, నిద్రపోతున్నావా?" అని సేటు అరిచేవాడు. నిద్ర కాదు, నేనప్పుడు ఆ చెరువు మీద ఉండేదాన్ని.

కెప్టెన్, నేను జోడీగా ఆడేవాళ్లం. గాలి హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. అందుకని దారం తెగిన సైగ ఆవిడకు నేర్పాను. "ఇదేమిటి?" అంటే మా బాపు కార్ఖానా గురించి చెప్పాను. ఆ తర్వాత ఎన్ని ఆటల్లో ఆవిడ వేళ్లు అలా విడిపోవడం, నేను పోయి సందులో నిలబడటం! పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ల తగిలి కాలు కమిలిపోయేది. ఆ నొప్పి కూడా నాకు తీయగానే ఉండేది.

తర్వాత ఒక ఏడాది మంచు సరిగ్గా కట్టలేదు. చెరువు అంచులు గడ్డకట్టాయి, నడిమి నీళ్లు కదులుతూనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే సరంజామా మోసుకుపోవడం, చూసి తిరిగి రావడం. అక్కడి పిల్లలు కర్రలు పట్టుకుని ఒడ్డున దిగాలుగా కూర్చునేవాళ్లు. కెప్టెన్ ఎక్కడి నుంచో పాత చక్రాల బూట్లు తెప్పించి నా ముందు పెట్టింది.

"నీకు వచ్చు కదా. వీళ్లకు నేర్పు."

"నేను ఆడటానికి వచ్చాను" అన్నాను.

"దేని మీద ఆడతావు?" అంది చెరువు వైపు చూపిస్తూ.

అక్కడి బడి ముందు సిమెంటు నేల మీద మొదలుపెట్టాను. ఒక పాప వెనక్కి జారమంటే మాటిమాటికీ మెడ తిప్పి చూసుకునేది. వెనకే నిలబడి, "నేనున్నాను, చూడకు" అన్నాను. ఆ పాప కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచింది. దూరమవుతున్న కొండలను చూస్తూ, నోరు కొంచెం తెరుచుకుని, నా పక్క నుంచి హాయిగా జారిపోయింది. ఆ ముఖం చూస్తుంటే నేనే మళ్లీ మొదటిసారి జారుతున్నట్టనిపించింది. ఎన్ని గోల్స్ ఆపినా నాకు అలా అనిపించలేదు.

ఆ ఏడాది ఆలస్యంగా గట్టిపడిన మంచు మీద కాసిని ఆటలు ఆడి ఇంటికి వచ్చేశాను. బాపు అప్పటికి సాంచాలు మానేశాడు. చెవులు సరిగ్గా వినపడవు. దగ్గరగా కూర్చుని గట్టిగా చెప్పాను, ఇక ఇక్కడే పిల్లలకు నేర్పుతానని.

"ఆడుడు బంద్ చేస్తవా? మంచిగ ఆడుతున్నవ్ గదనే. జర సోచాయించు."

"నేర్పితే గూడ ఆటనే గద బాపూ."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మా పాత బడి నేల మీద నేర్పడం మొదలుపెట్టాక, రెండు మూడు వారాలు ఆయన అటువైపే రాలేదు. తర్వాత ఒక ఆదివారం వచ్చి, నేనేమీ అడగకుండానే, చక్రాలకు అడ్డొచ్చే ఇసుకను చీపురుతో ఊడ్చాడు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఉధ్నా, డిండోలి ఆడపిల్లలు. ఒకమ్మాయి భలే గట్టిది. డిఫెన్స్‌లో పెడతానంటే ఒప్పుకోలేదు.

"అక్కా, నేనైతే ఎనుక ఆడ. ఎనుక ఆడెటోళ్ల పేరు ఎవ్వలు తియ్యరు."

"అవు, తియ్యరు."

"మరి నువ్వెందుకు ఆడినవ్?"

"ఆడికెల్లి నాకు ఆటంత అగుపడేది" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. అయినా వడోదరలో జరిగిన ఆటలో వెనక నిలబడింది. అవతలి జట్టులో ఒకమ్మాయి గాలిలా వచ్చింది. మా పిల్ల తొందరపడి మీదికి పోతుందనుకున్నాను. పోలేదు. మెత్తగా వెనక్కి జారుతూ, జారుతూ, ఆమెను మూలకు పట్టించింది. ఆట మాత్రం ఓడిపోయాం.

తిరుగు రైలులో పిల్లలంతా ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. కిటికీ లోంచి సాయంత్రపు ఎండ వాళ్ల ముఖాల మీద పాకుతోంది. ఆ పిల్ల ఒక్కతే మేలుకుని ఉంది.

"అక్కా, గా పోరి కండ్లు చూసిన. భయపడ్డది."

"చూసినవా?"

"ఊఁ. ఎనుకనే ఆడుత గని, ఒక్కోపారి ముందల గూడ ఆడనియ్యాలె."

"ఆడనిస్త తియ్."

ఉధ్నా వచ్చేసింది. ఒక్కొక్కరినీ తట్టి లేపి, చిక్కుబడిన కర్రలు విడదీసి చేతికి ఇచ్చాను.