గొర్రెలకు చెప్పని నియమం

మా నాన్న ఉల్లి, వెల్లుల్లి తినడు. అది ఆయనొక్కడి అలవాటు కాదు, ఇంటి నియమం. తరతరాలుగా గుడిలో పాటసేవ చేసే ఇల్లు మా పుట్టిల్లు. అత్తవారిది బొబ్బిలి వెళ్ళే రోడ్డు పక్క ఊరు. వేరుశనగ, ఉల్లి పండిస్తారు. ఉల్లిపాయ లేకుండా వండితే అది వంట కాదు, పథ్యం అంటారు. నేను ఆ ఇంటబ్బాయిని ఇష్టపడి చేసుకున్నాను. నాన్న పెళ్ళికి వచ్చాడు, అక్షింతలు వేశాడు, భోజనం మాత్రం చెయ్యకుండా వెళ్ళాడు.

ఆ తర్వాత కూడా వస్తూనే ఉండేవాడు. కోపం లేదు. అదే నాకు ఒళ్ళుమంట. కోపమైతే నేనూ పోట్లాడి ఏదో ఒకటి తేల్చుకునేదాన్ని. అరుగు మీద కూర్చుని, సంచిలోంచి తన అరటిపండు తీసుకుని తిని, తన సీసాలో నీళ్ళు తాగి, "బాగున్నావా అమ్మా" అని బస్సెక్కేవాడు. మా అత్తను "ఏమండీ" అనేవాడు, బ్యాంకులో కౌంటర్ దగ్గర పిలిచినట్టు. కూతురింట్లో ముద్ద ముట్టని తండ్రిని వీధంతా చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

మొన్న ఎండాకాలం వీణ బాగుచేయించుకోడానికి ఆయనకు బొబ్బిలిలో పని పడింది. ఫోన్ చేసి, "వస్తూ మీ ఇంటి దగ్గర దిగుతాను. కొంచెం పెరుగన్నం తింటాను. పెరుగులో ఉల్లి వెయ్యరు కదా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి, వంటింట్లో నిలబడి ఏడ్చేశాను. సంతోషం వచ్చినా ఏడవడం నాకు చిన్నప్పటి రోగం.

తీరా చూస్తే గేదె వట్టిపోయి ఉంది. ప్యాకెట్ పాలు నాన్న ముట్టడు. మా అత్తే దారి చూపించింది.

"గొర్రి పాలు ఉన్నాయి కదేటే."

మా వైపు గొర్రెల పాలు ఎవరూ పితకరు, పిల్లలకే వదిలేస్తారు. మా అత్త మాత్రం, పిల్లలు మేతకు పడ్డాక తల్లుల పాలు వృథా పోతున్నాయని పితకడం మొదలెట్టింది. ఊరు నవ్వింది. ఆ పాలతో తోడేసిన పెరుగు గిన్నె బోర్లించినా కింద పడదని తెలిశాక నవ్విన వాళ్ళే గిన్నెలు పట్టుకొచ్చారు. పొలంలో మిగిలిందల్లా ఆ గొర్రెలకే: వేరుశనగ తీగ, కందిపొట్టు, తవుడు, పనస తొక్కలు. పితికిన ప్రతిసారీ ఒక చుక్క నాలిక మీద వేసుకుని తీర్పు చెబుతుంది మా అత్త.

"పనస తొక్క తింటే పాలు కమ్మన. శనగ తీగ తింటే మీగడ. గొర్రి ఏటి తిన్నాదో పాలు సెప్పీస్తాయి. దాని కడుపులో మాట దాగదు."

గొర్రె పాలని నాన్నకు ముందే చెప్పాను. "పాలు పాలే కదమ్మా. ఉల్లి తగలకపోతే చాలు" అన్నాడు.

ఆ మాటతో మా అత్త ఉల్లి మీద యుద్ధం ప్రకటించింది. చూరుకి వేలాడుతున్న ఉల్లి కట్టలు దింపింది. వంటగట్టు కడిగింది. కత్తిపీట, రోలు చింతపండుతో తోమింది. కొత్త కుండ కొంది. బజార్లో పకోడీ తిని వచ్చిన మా ఆయన్ని గుమ్మంలోనే ఆపి, నోరు కడుక్కురమ్మని వీధి కుళాయికి తోలింది.

"ఉల్లి సేసిన మేలు తల్లి కూడా సెయ్యదంటారు. అయినా అన్నయ్య తినీసి ఎల్లీదాకా దాని మొకం నాకు సూపించకండి" అంది. నాన్న ఎదురుగా లేనప్పుడు ఆవిడకు ఆయన అన్నయ్యే.

ఆదివారం పొద్దున్న కుండ మూత తీశాను. పెరుగు రాయిలా తోడుకుంది. వాసన మాత్రం తాలింపు పెట్టిన మజ్జిగది. నా పిచ్చి అనుకుని మళ్ళీ వాసన చూశాను. మా ఆయన్ని పిలిచి చూపిస్తే, "ఉల్లిపాయ పెరుగుపచ్చడి బాగుంది, ఎప్పుడు చేశావు" అన్నాడు.

"అత్తా, ఇంట్లో ఉల్లిపాయలన్నీ ఏం చేశారు?"

"మంచివి పక్కింట్లో పెట్టినాను."

"మిగిలినవి?"

"కాడలూ, పుచ్చుపాయలూ, వెల్లుల్లి పొట్టూ... పారబోస్తే పాపం కాదేటి? గొర్రిలికి ఏసీ..." అని ఆగిపోయింది. తన సిద్ధాంతం తనకే గుర్తొచ్చింది. రోజూ పాలు రుచి చూసే మనిషి, నిన్న మాత్రం ఎంగిలవుతాయని చూడలేదట. అంతలోనే, "ఆటికీ నియమం ఉందని నాకెవులు సెప్పినారే?" అని నా మీదే లేచింది. నేనూ ఊరుకోలేదు. ఇద్దరం అరుచుకుంటుండగానే వీధిలో బస్సు హారన్ వినిపించింది.

నాన్న కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. మా ఇంట్లో, పీట మీద, కూర్చున్నాడు. అలా కూర్చున్న నాన్ననే చూస్తూ నిలబడిపోయాను. ఈలోగా మా అత్త కంగారులో ఆకు వేసి, అన్నం పెట్టి, ఇంకేమీ లేక ఆ పెరుగే వడ్డించేసింది. నేను తేరుకుని "నాన్నా, ఆ పెరుగు..." అనేసరికి ఆయన ఔపోసన పట్టేశాడు. మా పుట్టింట్లో ఔపోసన పట్టాక చెయ్యి కడిగేదాకా మాట ఉండదు. అన్నం మీంచి సగంలో లేవడం ఇంకా తప్పు. చెప్పి ఆయన్ని లేపలేను. చెప్పకుండా నిలబడలేను.

మొదటి ముద్ద నోట్లో పెట్టి ఆగాడు. పెరుగు వైపు చూశాడు. నా వైపు చూశాడు. తలుపు వెనక మా అత్త చీర కొంగు నలుపుతోంది. దొడ్లో గొర్రె ఒకటి అరిచింది, సాక్ష్యం చెప్పడానికి పిలిచినట్టు.

నాన్న రెండో ముద్ద తిన్నాడు. తర్వాత ఎడమచేత్తో, ఇంకొంచెం వెయ్యమని సైగ చేశాడు. ఆ వడ్డించిందీ అయ్యాక మళ్ళీ సైగ చేశాడు. ఆకు తుడిచినట్టు తిని లేచాడు.

చెయ్యి కడుక్కునే చోట చెంబు అందిస్తూ, "నాన్నా, ఒక మాట చెప్పాలి" అన్నాను.

"వద్దమ్మా" అన్నాడు, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ. "చెప్తే తెలుస్తుంది. తెలిస్తే మానాలి. ఈ ఇంట్లో తినడం ఇప్పుడే కదా మొదలెట్టాను."

నాకు మళ్ళీ చిన్నప్పటి రోగం వచ్చింది. ఆయన చూడనట్టు చెప్పులేసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ దొడ్డి దగ్గర ఆగాడు. ఒక గొర్రె నోట్లోంచి ఉల్లికాడ వేలాడుతోంది. అది తాపీగా నములుతూ ఆయన్నే చూస్తోంది. నాన్న కూడా దాన్ని చాలాసేపు చూసి, మా అత్త వైపు తిరిగాడు.

"వీణ ఇంకా అవలేదట సెల్లెమ్మా. వచ్చే ఆదివారం మళ్ళీ రావాల."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడను ఆ పిలుపు పిలవడం అదే మొదలు. మా అత్త ఉక్కిరిబిక్కిరైపోయి, దాచాల్సిన మాటే బయటపెట్టేసింది.

"రండి అన్నయ్యా. ఈపాలి మేత మార్చీస్తాను."

"ఎందుకు?" అన్నాడు నాన్న. "గొర్రెలకేటి నియమం? తిన్నదే పెట్టు."