కుళ్ళాయప్ప కప్పిన జొన్నసొప్ప పందిరి

పెనుకొండలో పందిరి అంటే కుళ్ళాయప్పే. పెళ్లికైనా, జాతరకైనా, మంత్రి వచ్చినా, మనిషి పోయినా, గుంతలు తవ్వి గుంజలు నాటేది ఆయనే. పని లేనప్పుడు మా టీ అంగడి ముందర బండ మీద కూర్చుని తాళ్లు పేనుకునేవాడు. మనిషి మంచివాడే గానీ ఆయనకొక జబ్బు ఉండేది, పొగడ్త జబ్బు. పందిరి కట్టడం అయిపోయినా ఇంటికి పోడు. జనంలో కలిసిపోయి, ఎవరేమంటున్నారో చెవులు రిక్కించి వింటూ తిరుగుతాడు. "సల్లగా ఉండాదప్పా" అని ఒక్కరన్నా అంటే చాలు, ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? పందిరి విప్పేశాక ఆ చోట గుంతలు తప్ప గుర్తుగా ఏమీ మిగలదు.

ఎనభైల మధ్యలో, వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో, పాత ఊరి నడుమ గగన్ మహల్ ఎదురుగా వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. చేలల్లో చెనిక్కాయ చెట్టు, అదే వేరుశనగ, జానెడు లేవలేదు, ప్రదర్శన మాత్రం నెల్లాళ్లు! నాకు అప్పుడే ఒళ్లు మండింది. పెద్ద పందిరి అచ్చం పల్లెలో కొట్టంలా ఉండాలని, పైన జొన్నసొప్పే కప్పాలని ప్రదర్శన వాళ్లు పట్టుబట్టారు. ఆ సొప్పను కర్ణాటక వైపు చెరువుల కింది పల్లెల నుంచి లారీల్లో తెప్పించారు. ఆకు రాలని మంచి సొప్ప, గొడ్లు ఎగబడి తినే ఎండు దంట్లు. లారీలు బజారులో పోతుంటే రైతులు పనులు ఆపి చూశారు.

ఆ సొప్ప చూడగానే కుళ్ళాయప్పకు వాళ్లక్క చెన్నమ్మ గుర్తుకొచ్చింది. గోరంట్ల దారిలో పల్లె ఆమెది. మొగుడు పోయాక జత ఎద్దులతోనే సేద్యం చేసుకుంటూ కొడుకును సాకుతోంది. మేత లేక ఆ ఎద్దులకు ఎముకలు తేలాయి. పందిరి విప్పాక సొప్ప ఇస్తారా అని కుళ్ళాయప్ప అడిగితే, "నీ ఇష్టం, మాకెందుకు" అన్నారు ప్రదర్శన వాళ్లు. ఆయన వెంటనే బస్సెక్కి అక్క దగ్గరికి పోయాడు.

"ఈ నెల ఎట్లన్నా నెట్టుకురా అక్కా. ఎద్దుల్ని సంతకు తోలొద్దు. పందిరి ఇప్పినంక సొప్పంతా నీదే" అని మాటిచ్చి వచ్చాడు.

ఎద్దులను అమ్మే బేరం ఆమె ఆపేసింది. ఎద్దుల కొట్టం మీది పాత సొప్ప కప్పు పీకి, రోజూ కొంచెం కొంచెంగా వాటికే వేస్తూ నెట్టుకొచ్చింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పందిరి మాత్రం బ్రహ్మాండంగా లేచింది. లోపల ఒక మైకు పెట్టి, చూడవచ్చిన వాళ్లందరినీ అభిప్రాయం చెప్పమనేవారు. లౌడు స్పీకర్లలో అది మా అంగడి దాకా వినిపించేది. రెండో రోజు కప్పులోంచి ఒక పెద్దాయన భుజం మీద జెర్రి పడింది. గోల గోలైంది. "పందిరి కట్టినారా, పురుగుల పుట్ట కట్టినారా?" అని ఆయన మైకులోనే అరిచాడు. ఊరంతా విన్నది. కుళ్ళాయప్ప ముఖం మాడిపోయింది.

గుంజల మొదట్లో కాస్త గమాక్సిన్ పొడి చల్లమన్నారు ప్రదర్శన వాళ్లు. చెనిక్కాయ చేలల్లో పురుగుకు చల్లే విషం అది. పందిరి పనిలో అలవాటు కూడా అంతే, గుంజ మొదట్లో పిడికెడు. ఈయనకు అంతటితో తృప్తి లేదు. పొడిని గోనెపట్టలో మూటగట్టుకుని నిచ్చెనెక్కి, కప్పంతా, కట్టకట్టకూ సందుల్లోకి దిగేలా దులిపాడు. కిందికి దిగి, "ఇంగ ఈగ గూడా వాలదులే అన్నా" అని నాతో అన్నాడు. ఆ పూట ఆయనకు అక్కా గుర్తులేదు, ఎద్దులూ గుర్తులేవు. రేపు మైకులో జనం ఏమంటారన్న ధ్యాస ఒక్కటే.

తర్వాత మైకులో అన్నీ మంచి మాటలే. "లోపలికొస్తే ఎండే తెలీలా" అని ఒకరు, "మా ఇంట్లో గూడా ఇట్లాంటి కొట్టమే ఉండాది, దీన్ని చూసేకి ఇంత దూరం వస్తిమి" అని ఇంకొకరు. వచ్చిన వాళ్లంతా విత్తనాల బల్లలు వదిలేసి తలలెత్తి కప్పునే చూసేవారు. కుళ్ళాయప్ప అది తన పనితనమే అనుకుని మురిసిపోయాడు. వాళ్లు మేతను చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

ఆఖరి రోజు ఆయన మా అంగడిలో టీ తాగుతుండగా స్పీకర్లో చెన్నమ్మ గొంతు వినిపించింది.

"నాకు మాట్లాడేకి రాదప్పా. ఈ పందిరి కట్టింది మా తమ్ముడు. దీన్ని ఇప్పి సొప్ప నాకిస్తానన్నాడు. నా ఎద్దులు ఇంగ బతుకుతాయి. బండి కట్టుకొని వచ్చినా, అవి బయటే ఉండాయి. మా తమ్ముడు సల్లగుండాల."

గ్లాసు అక్కడే వదిలేసి కుళ్ళాయప్ప పరుగెత్తాడు. వెనకే నేనూ పోయాను. ఒక ఎద్దు మెడ చాచి పందిరి చూరుకు మూతి పెట్టబోతోంది. ఈయన దాని మూతి మీద ఫెడీమని కొట్టాడు.

బయటికొచ్చిన చెన్నమ్మ బిత్తరపోయింది. "ఎందుకురా నోరులేని దాన్ని కొడతావు?"

"విషమక్కా. గమాక్సిన్ కొట్టినా. అంతా నేనే కొట్టినా."

"కడిగితే పోదా?"

"కడిగేకి నీళ్లు యాడివక్కా?"

ఆమె ఎద్దు మూతిని కొంగుతో తుడిచి, ఖాళీ బండి తోలుకుని వెళ్లిపోయింది. ఆ వారమే ఎద్దులను సంతకు తోలిందని విన్నాం.

పందిరి విప్పాక, ఎవరైనా తీసుకుపోయి గొడ్లకు వేస్తారని భయపడి కుళ్ళాయప్పే సొప్పంతా కుప్పపోసి తగలబెట్టాడు. జనం చుట్టూ నిలబడి తిట్టారు. సగం అమ్ముకున్నాడనీ అన్నారు. అందరి అభిప్రాయాలూ తలవంచుకుని విన్నాడు. నాకూ కోపం వచ్చింది గానీ, ఆ ముఖం చూశాక చల్లారిపోయింది.

నాలుగేళ్లకు చెన్నమ్మ కొడుకు పెళ్లి కుదిరింది. కుళ్ళాయప్ప వెదుళ్లు, తాళ్లు బండికెత్తుకుని, నన్నూ తోడు రమ్మని, పల్లెకు పోయాడు. అక్క ఎదురొచ్చి నీళ్లిచ్చింది. పందిరి ఎక్కడ వేయాలని అడిగాడు.

"పందిరెందుకురా?" అంది ఆమె, ఏ కోపమూ లేకుండా. "ఎద్దుల కొట్టం ఖాళీగానే ఉండాది. పైన కప్పు లేదు, అంతే. అది కప్పెయ్యి, పెళ్లోళ్లు ఆడనే కూర్చుంటారు."