డైరెక్టరుగారి మూగ సినిమాలు

వీధిలో అందరూ ఆయన్ని డైరెక్టరుగారనే పిలిచేవారు. చేసేది మాత్రం నీళ్ల పంపుహౌస్‌లో ఆపరేటరు ఉద్యోగం. రోజుకు ఎనిమిది గంటలు మూడు మోటార్ల మధ్య కూర్చుని, చెవుల్లో దూది కుక్కుకుని, మీటర్లు చూసి పుస్తకంలో రాయడం. ఇంటికొచ్చాక కూడా గంటసేపు తలలో ఆ హోరు తగ్గేది కాదు. ఆ గంటలో ఎవరు పలకరించినా ఆయనకు ఒళ్లు మండేది.

బిరుదు ఊరికే రాలేదు. కూతురు పుట్టిన ఏడాది, ఓ ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత లాప్‌టాప్ సంపాదించి, కంప్యూటర్లు బాగుచేసే షాపతని చేత వీడియోలు ఎడిట్ చేసే ప్రోగ్రాం వేయించుకున్నాడు. ఎక్కడెక్కడి మనుషులో కలిసి రాసి, వాడుకోండని లోకానికి ఉచితంగా వదిలేసిన సాఫ్ట్‌వేర్ అది. “ఫ్రీ కదా అని తీసిపారేయకండి సార్, ఇందులో లేనిదంటూ లేదు,” అన్నాడు షాపతను. మనవాడు దాన్ని పదకొండేళ్లు వదల్లేదు. కూతురి పుట్టినరోజులు, కొత్త సైకిలు, మేడమీద బట్టలారేయడం, పక్కింటి పిల్లి తన పిల్లల్ని నోట కరుచుకుని గోడ దాటడం, అన్నీ ఫోనులో తీసి, కత్తిరించి, అతికించి, చివర్న తన పేరు పెద్దక్షరాల్లో వేసుకుని బంధువులకు పంపేవాడు. వాళ్లు చూశారో లేదో దేవుడికే తెలియాలి. బాగుందని మాత్రం అందరూ అనేవారు.

ఏ సినిమాకైనా ఆయన పద్ధతి ఒకటే. క్లిప్పుల్ని వరసగా పేర్చగానే, సౌండు ట్రాకు పక్కనున్న స్పీకరు బొమ్మ నొక్కేసేవాడు. మాటలన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయేవి. ఆ జాగాలో నెట్‌లో ఉచితంగా దొరికే వేణుగానం ఏదో ఒకటి పరిచేవాడు. ఎందుకంటే ఏ క్లిప్పు చూసినా అందులో ఆయన భార్య మాట్లాడుతూనే ఉండేది. వెలుతురుకి ఎదురుగా తీస్తున్నారండీ, నా పొట్ట కనపడనివ్వకండి, కుక్కరు మూడు కూతలేసింది, వెళ్లి ఆపండి.

“నీలాంటి వాళ్ల కోసమే పెట్టారే ఈ బటన్,” అనేవాడు. ఆమె కూడా నవ్వేది. నోరు పెద్దదే గానీ మనసులో పెట్టుకునే మనిషి కాదు.

లాప్‌టాప్‌లో చోటు తక్కువ. సినిమా తయారవగానే అసలు క్లిప్పులు తుడిచేసేవాడు. ఫోనులోవి అంతకుముందే తుడిచేసేవాడు. ప్రాజెక్టు ఫైలును మాత్రం ప్రాణంలా దాచుకునేవాడు. తను చేసిన పనంతా, క్లిప్పులతో సహా, అందులోనే ఉందని ఆయన నమ్మకం. గంటసేపు వీడియో ఇంత చిన్న ఫైల్లో ఎలా పట్టిందన్న అనుమానం రాకపోగా, ప్రోగ్రాం చేసినవాళ్ల తెలివికి మురిసిపోయాడు. తుడిచాక దాన్ని ఒక్కసారైనా తెరిచి చూసిన పాపాన పోలేదు.

పోయిన ఏడాది భార్య గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, ఎలర్జీ అన్నారు, చివరికి క్యాన్సరన్నారు. స్వరపేటిక మొత్తం తీసేయాలి, ఇక మాట రాదు. ఆపరేషనుకు ముందురోజు నర్సు చెప్పింది, ఆవిడ చేత నాలుగు మాటలు మాట్లాడించి రికార్డు చేసుకోండని.

“తీయండి, పోయేదేముంది,” అంది భార్య ఆ బొంగురు గొంతుతోనే.

“ఈ గొంతెందుకే? పదకొండేళ్ల నీ అసలు గొంతు నా దగ్గర భద్రంగా ఉంది. నేను నోరు మూయించానంతే. మళ్లీ ఆ బటన్ నొక్కితే చాలు.”

ఆమె తల ఊపింది. ఆపరేషన్ థియేటరులోకి తీసుకెళ్తుంటే ఆయన చెయ్యి నొక్కి వదిలింది. ఆ మాటే ధైర్యంగా పెట్టుకుని లోపలికి వెళ్లింది.

ఇంటికొచ్చాక, ఊపిరి కోసం మెడకు పెట్టిన రంధ్రం మీద గుడ్డ కట్టుకుని, కూతురి పలక ఒళ్లో పెట్టుకుంది. మూడో రోజు దానిమీద రాసింది: “నా గొంతు వినిపించండి.”

ఆయన హుషారుగా ప్రాజెక్టు తెరిచాడు. ఫైళ్లు దొరకలేదంటూ ఓ జాబితా వచ్చింది. ఇంకోటి తెరిచాడు. అక్కడా అదే. సరిగా తెరుచుకోలేదని ఆమెతో అబద్ధమాడి, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని షాపుకు పరిగెత్తాడు.

“సార్, ప్రాజెక్టు ఫైల్లో చిరునామాలే ఉంటాయి, మనుషులుండరు. ఏ క్లిప్పు ఎక్కడుంది, ఎక్కడ కత్తిరించారు, అంతే. ప్రోగ్రాం తప్పు కాదు సార్,” అన్నాడు షాపతను. తుడిచినవి వెనక్కి రప్పించాలని రెండు రోజులు కుస్తీ పట్టాడు, ఒక్కటీ రాలేదు. డిస్కులో వాటిమీద కొత్త సినిమాలు ఎన్నోసార్లు వచ్చి కూర్చున్నాయి. బంధువుల ఫోన్లలో ఉన్నవన్నీ వేణుగానాలే. ఆమెకు వాయిస్ మెసేజీలు పెట్టే అలవాటు లేదు.

తిరిగొస్తూ ఆయన వీధి మలుపులో చాలాసేపు నిలబడిపోయాడు. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఆసుపత్రిలో తను అడ్డం పడకపోయుంటే బొంగురు గొంతైనా మిగిలేది. ఇప్పుడు ఏ గొంతూ మిగల్లేదని ఆమెతో తనే చెప్పాలి.

చెప్పాడు. ఆమె ఏడవలేదు. ఏదైనా ఒక సినిమా పెట్టమని సైగ చేసింది. కూతురి నాలుగో పుట్టినరోజు పెట్టాడు. తెరమీద కదులుతున్న తన పెదవుల్ని చూసి ఆమె పలకమీద రాయడం మొదలుపెట్టింది. “కొవ్వొత్తి వంకరగా ఉంది.” తుడిచింది. “పిల్ల చెయ్యి పట్టుకోండి.” తుడిచింది. ఆయన ఒక్కొక్కటీ పైకి చదువుతూ కూర్చున్నాడు.

చివర్లో ఓ దృశ్యం. నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకుని ఆమె మెట్లమీద కూర్చుంది. కెమెరా వైపు తిరిగి ఏదో చెబుతోంది, నవ్వకుండా, మెల్లగా, చాలాసేపు. ఆమె దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పించింది. పెదవుల కదలికను బట్టి మాటలు అందలేదు.

“ఇక్కడేమన్నాను?” అని రాసింది.

“గుర్తులేదే. నీకు?”

ఆమె అడ్డంగా తల ఊపి, మళ్లీ రాసింది. “మిమ్మల్నే ఏదో అడిగాను.”

ఆయన తెరకు దగ్గరగా జరిగాడు. బొమ్మలో ఆమె అడగడం అయిపోయి, జవాబు కోసం ఆయన వైపే చూస్తోంది. సరిగ్గా అక్కడ ఆయన కత్తిరించేశాడు.