మా వడిసెల మీద అమెరికా కబ్జా

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఎవరిని పలకరించినా ప్లాట్ల మాటే. జొన్నచేలల్లో హద్దురాళ్లు మొలిచి వెంచర్లయిపోతుంటే, ఉన్న ఉద్యోగాలు మానేసి, జిరాక్స్ షాపు మీది గదిలో ఫోన్ గేమ్ తయారుచేసిన మహానుభావులం నేనూ మా మేనబావా. (ఎవరింటికి వెళ్లినా ముందు ప్లగ్గు వెతుక్కుంటాడు కాబట్టి ఊరందరికీ అతను చార్జింగ్ బావ.) గేమ్ పేరు ‘జొన్నచేను కావలి’. తెర మీద వేలు గిరగిరా తిప్పి వదిలితే వడిసెలలోంచి రాయి వెళ్లి పిట్టలను లేపుతుంది. జనం బాగానే ఆడుతున్నారు. అది నిలబడితే మాకు మేమే దొరలం. పోతే మళ్లీ ఎవరిదో కంపెనీ బస్సే గతి.

నిలబడుతుందనుకుంటున్న వేళ అమెరికా నుంచి లాయరు నోటీసు వచ్చింది. తెర మీద వేలు తిప్పి వస్తువును విసిరే కిటుకు తమ సొత్తని అక్కడి సర్కారు పేటెంటు ఇచ్చిందట. గేమ్ తీసేయండి, లేదా మా కోర్టుకు రండి అన్నారు. ఆరా తీస్తే ఆ కంపెనీ జన్మలో ఒక్క గేమ్ చేసిన పాపాన పోలేదు. ఇలాంటి కాగితాలు కొనిపెట్టుకుని, గేమ్‌లు చేసుకునేవాళ్ల మీద దావాలు వేయడమే దాని వ్యాపారం. నోటీసు పట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

మా బాపు మాత్రం నోటీసు చదివించుకుని విని, బీడీ ఆర్పి తేల్చేశాడు. "గిది కబ్జా కేసే బిడ్డా. నాగలి పట్టనోడే కాయితం పట్టుకొస్తడు. పంచనామా రాయించి పంపు, తోక ముడుస్తరు."

భూమి తగాదాల్లో తల పండిన మనిషి కదా, నమ్మాం. (ఇంజనీరింగు చదివి మరీ నమ్మాం.) పెద్దమనుషులు కూర్చుని, తాతలనాటి నుంచి మేం వడిసెల ఇలాగే తిప్పుతున్నామనీ, ఈ గేమ్‌లో కూడా అచ్చం అలాగే తిప్పుతారనీ సంతకాలు, వేలిముద్రలు వేశారు. బాపు వడిసెల తిప్పుతున్న ఫోటో కూడా జతచేశాం. చార్జింగ్ బావ అంతా ఇంగ్లీషులోకి మార్చి, దేవుడికి దండం పెట్టి పంపాడు.

జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. మా గేమ్‌లో వేలు తిప్పి విసరడం ఉందని సాక్షులతో సహా ఒప్పుకున్నందుకు ధన్యవాదాలట. హైదరాబాద్‌లో ఒక లాయరన్న మా పంచనామా చదివి తల పట్టుకున్నాడు. "వడిసెల మీదే, ఎవరు కాదన్నరు? వాళ్ల కాయితం ఫోన్ మీద తిప్పుడుకు. మీ తాతలు ఫోన్ తిప్పలే కద తమ్మీ. కొట్లాడితే గెలుస్తరేమో గని, అక్కడి కోర్టు ఖర్చులకు గెలిచేదాంక బతకరు" అన్నాడు.

ఆ సాయంత్రమే గేమ్ తీసేశాం. బావ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. బాపు గడపలో కూర్చుని మెల్లగా అడిగాడు.

"మరి రేపు చేనుకాడ నేను తిప్పొచ్చునా బిడ్డా, దానిక్కూడ వాళ్లనడగాల్నా?"



ఇప్పుడు ఆదిభట్ల వెళ్లే కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు నాది. ఆ చేను కూడా ప్లాట్లయింది. ఎవరూ తోలకుండానే పిట్టలు పోయాయి. ఒక్కోసారి చార్జింగ్ అయిపోయిన ఫోన్ మీద నా వేలు దానంతటదే గిరగిరా తిరుగుతుంది. వదిలేముందు మాత్రం, ఇంత వయసొచ్చాక కూడా, పక్కన ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి చూసుకుంటాను.